కత్తి దూయని గెలుపు



నీ ఉత్తరమూ, దానితో పంపిన స్క్రీన్‌షాట్లూ అందాయి. "నేనెవరి జోలికీ వెళ్ళలేదు మావయ్యా. నా మానాన నేను వండర్లు కట్టుకుంటుంటే చిన్ వచ్చి మీద పడ్డాడు. ఈ ఆటలో యుద్ధం చెయ్యకుండా గెలవడం అసలు కుదురుతుందా?" అని అడిగావు. కుదురుతుంది. సివిలైజేషన్ 6లో, గ్యాదరింగ్ స్టార్మ్ అనే అదనపు భాగం కూడా వేసుకుంటే, అలాంటి దారులు నాలుగున్నాయి. కాకపోతే ఎవరి జోలికీ వెళ్ళకుండా కూర్చోవడం వాటిలో ఒకటి కాదు. 120వ టర్న్‌కి నీకున్నవి నాలుగు నగరాలు, అయిదు వండర్లు. సైన్యమంటే ఇద్దరు వారియర్లు, ఒక స్లింగర్. పొరుగున ఒకపక్క చిన్ షి హువాంగ్, ఇంకోపక్క క్లియోపాత్రా. ఆ టర్న్ దాకా నీ మీదికి ఎవరూ రాలేదంటేనే నాకు ఆశ్చర్యంగా ఉంది.

ముందు ఆ ఇద్దరి సంగతి. ఈ ఆటలో ప్రతి నాయకుడికీ ఒక అజెండా ఉంటుంది. వాడికి ఏది నచ్చుతుంది, దేనికి ఒళ్ళు మండుతుంది అన్నది అందులో రాసి ఉంటుంది. బొమ్మ మీద నొక్కితే కనబడుతుంది. నువ్వు నొక్కి ఉండవు. చిన్‌కి వండర్లంటే పిచ్చి, తనకంటే ఎక్కువ కట్టినవాళ్ళంటే కడుపుమంట. క్లియోపాత్రాకి గట్టి సైన్యం ఉన్నవాళ్ళంటే గౌరవం, లేనివాళ్ళంటే చులకన. నువ్వేం చేశావు? సైన్యానికి పెట్టాల్సిన ప్రొడక్షనంతా వండర్లకి పోసి, ఒక్క దెబ్బతో ఇద్దరికీ కానిదానివయ్యావు. నీ లెక్కలో అది శాంతంగా ఉండటం. వాళ్ళ లెక్కలో నీది నగలన్నీ వరండాలో ఆరబెట్టి, తలుపు తీసి పడుకున్న ఇల్లు.

మన పద్యనాటకాల్లో కృష్ణుడు రాయబారానికి వెళ్ళి అయిదూళ్ళిచ్చినా చాలంటాడు చూడు, ఆ మాట అనేటప్పటికి పాండవుల వెనక ఏడు అక్షౌహిణులున్నాయి. అయినా యుద్ధం తప్పలేదుగా అంటావేమో. అవతల ఉన్నవాడు దుర్యోధనుడు కాబట్టి తప్పలేదు. కంప్యూటరు అంత మొండిది కాదు. మీద పడాలా వద్దా అనుకునేటప్పుడు నీ సైనిక బలం అంకెని తన అంకె పక్కన పెట్టి చూసుకుంటుంది. బాగా తేలిగ్గా కనిపిస్తే వస్తుంది, ఖర్చెక్కువ అనిపిస్తే ఇంకొకడి వైపు తిరుగుతుంది. అందుకని మొదటి యాభై టర్న్‌లలో ముగ్గురు నలుగురు ఆర్చర్లని తయారు చేసుకో. సరిహద్దు నగరానికి గోడలు కట్టు. గోడలుంటేనే నగరం తనంతట తాను బాణం వెయ్యగలదు. పాత వారియర్లని గోల్డ్ పెట్టి అప్‌గ్రేడ్ చేస్తూ ఉండు. వీళ్ళు ఆట ముగిసేదాకా ఎవరి ఊరి మీదికీ వెళ్ళకపోయినా పరవాలేదు. ఊరికే తింటున్నారని మాత్రం అనుకోకు. వాళ్ళు నిలబడి ఉండటమే వాళ్ళు చేసే పని.

ఇది సగం. మిగతా సగం మాటలతో అయ్యేది, చాలా చవక కూడా. కొత్త నాయకుడు ఎదురైన టర్న్‌లోనే 25 గోల్డ్ ఇచ్చి డెలిగేషన్ పంపించు. మొదటి పరిచయంలో దాదాపు అందరూ పుచ్చుకుంటారు. ఒకసారి మొహం మాడ్చుకున్నాక పంపితే తిప్పి కొడతారు. తర్వాత నీ దగ్గర మిగిలిన లగ్జరీలు వాళ్ళకి అమ్ముతూ ఉండు. కాస్త మంచిమాట కుదరగానే ఫ్రెండ్‌షిప్ అడుగు. అది ఒప్పుకున్నవాడు ముప్పై టర్న్‌ల దాకా నీ మీద యుద్ధం ప్రకటించలేడు, ఆట నియమమే ఒప్పుకోదు. ముప్పై అయ్యాక గుర్తుపెట్టుకుని మళ్ళీ అడగాలి, దానంతటది కొనసాగదు. సివిల్ సర్వీస్ సివిక్ వచ్చాక ఆ స్నేహాన్ని అలయన్స్‌గా మార్చుకోవచ్చు. పక్కింటివాడితో ఈ ఒప్పందం ఉంటే ఆ పక్క గోడలు కూడా ఆలస్యంగా కట్టుకోవచ్చు. ప్రతి టర్న్‌లో నాయకుల వరస మీద ఒక చూపు వెయ్యడం అలవాటు చేసుకో. నవ్వే మొహం మామూలు మొహం అయితే ఎందుకయిందో అప్పుడే చదువు, తిట్టే మొహం అయ్యేదాకా ఆగకు.

యుద్ధంలేని గెలుపు ఈ మధ్య ఎవరో మెత్తని మనసువాళ్ళు తెచ్చి కలిపింది కాదు. 1991లో సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ మొదటి సివిలైజేషన్ తయారు చేసినప్పుడే అందులో గెలవడానికి రెండు మార్గాలు పెట్టారు. అందరినీ జయించడం ఒకటి, ఆల్ఫా సెంటారీకి అంతరిక్ష నౌక పంపడం రెండోది. ఇలాంటి ఆటల్ని ఫోర్ ఎక్స్ ఆటలంటారు. 1993లో అలన్ ఎమ్రిచ్ అనే రచయిత మాస్టర్ ఆఫ్ ఓరియన్ గురించి రాస్తూ వాడిన పేరది. వెతకడం, విస్తరించడం, వాడుకోవడం, నిర్మూలించడం అని నాలుగు పనులు. శాంతిగా గెలవాలనుకునేవాళ్ళు వదిలేసేది నాలుగోది ఒక్కటే. చాలామంది దానితో పాటు రెండోదాన్ని కూడా వదిలేస్తారు. నువ్వు చేసిందీ అదే.

నీ అసలు జబ్బు సైన్యం లేకపోవడం కూడా కాదమ్మా, నగరాలు చాలకపోవడం. నువ్వు కట్టిన స్టోన్‌హెంజ్‌కి 180 ప్రొడక్షన్ పడుతుంది, కొత్త ఊరు పెట్టే మొదటి సెట్లర్‌కి 80. ఒక రాళ్ళ వలయం కోసం దాదాపు రెండు ఊళ్ళు పోగొట్టుకున్నావన్నమాట. అదీ మ్యాప్ ఖాళీగా, నేల ఊరికే దొరుకుతున్న రోజుల్లో. వందో టర్న్ దాటేసరికి నేలంతా ఎవరో ఒకరిది అయిపోతుంది. ఆ తర్వాత పెరగాలంటే ఎవరో ఒకరిని కొట్టే పెరగాలి. శాంతిగా గెలవాలనుకునేవాళ్ళే అందరికంటే ముందు, అందరికంటే వేగంగా సెట్లర్లని పంపాలి. వందో టర్న్ లోపు ఎనిమిది నగరాలు పెట్టు, వీలైతే పది. రెండు నగరాల మధ్య కనీసం మూడు టైళ్ళు ఉండాలన్నది నియమం. మరీ దూరం కూడా పెట్టకు. పొరుగువాడి జనాభా నీ ఊరి మీద ఒత్తిడి తెస్తే లాయల్టీ కరిగిపోయి, ఒక్క బాణం పడకుండా ఊరు చెయ్యిజారిపోతుంది. అలాగే వాళ్ళ ఊళ్ళు నీ చేతికీ రావచ్చు. ఎలినార్ అనే రాణి అయితే తన నగరాల్లో ఉన్న గొప్ప పుస్తకాలతో, బొమ్మలతోనే చుట్టుపక్కల ఊళ్ళ మనసు విరిచేసి కలిపేసుకుంటుంది. దాన్ని శాంతి అనాలో దురాక్రమణ అనాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

బార్బేరియన్ల గురించి ఒక్కమాట. వాళ్ళ స్కౌట్ నీ ఊరిని చూసి వెనక్కి పరిగెత్తాడంటే శిబిరం నుంచి దండు బయలుదేరుతుంది. వాడు వెనక్కి చేరేలోపే చంపెయ్యాలి. ఇందులో శాంతి సూత్రాలేవీ వర్తించవు.

ఇక గెలిచే దారులు. మతం దారి పేరుకే శాంతం. ప్రతి దేశంలోనూ సగానికి పైగా నగరాలు నీ మతం పుచ్చుకోవాలి. దానికోసం అపోస్తలుల్ని గుంపులు గుంపులుగా పంపిస్తే వాళ్ళు ఊరి బయట ఒకరి మీద ఒకరు పిడుగులు వేసుకుంటారు. సైనికుల బదులు గురువులు కొట్టుకుంటారు, అంతే తేడా. నీకు నేను చెప్పను. దౌత్యం దారిలో 20 పాయింట్లు కావాలి. ప్రపంచ కాంగ్రెస్‌లో ఓట్లు, విపత్తులప్పుడు సహాయం, బుద్ధగయ మహాబోధి లాంటి కొన్ని వండర్లు వాటిని తెచ్చిపెడతాయి. గమ్యం దగ్గర పడేసరికి మిగతావాళ్ళందరూ కలిసి నీ పాయింట్లు కోసేద్దామని ఓటేస్తారు. ఓపిక ఉంటే చివర్లో పనికొచ్చే దారి. సైన్స్ దారి నిదానమైనది, నమ్మదగినది. కొండల పక్కన క్యాంపస్‌లు కట్టుకుంటూ పోయి ఉపగ్రహం, చంద్రుడు, అంగారకుడు, చివరికి 50 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గ్రహానికి నౌక. మొదటిసారి శాంతిగా గెలవాలంటే నేను చాలామందికి ఇదే చెబుతాను. పొరుగువాళ్ళతో పెద్దగా పనిలేదు కాబట్టి తప్పులకి చోటెక్కువ.

కానీ నువ్వు తీసుకున్నది గాంధీని, నీకు నచ్చేవి వండర్లు, పుస్తకాలు, బొమ్మలు. కాబట్టి కల్చర్ దారే పట్టు. ఇది అన్నిటికంటే అందమైనది, అన్నిటికంటే తక్కువమందికి అర్థమైనదీను. ఆటలో దాని లెక్క ఒక మూల దాక్కుని ఉంటుంది. ప్రతి దేశానికీ ఇంటిపట్టున ఉండే యాత్రికులు కొందరుంటారు. ఆ దేశం ఆట మొదలైనప్పటి నుంచి సంపాదించిన ప్రతి 100 కల్చర్‌కి ఒకరు చొప్పున. నీ టూరిజం పోగయ్యేకొద్దీ వేరే దేశాల నుంచి నీ దగ్గరికి యాత్రికులు వస్తారు. అలా వచ్చినవాళ్ళ మొత్తం సంఖ్య, నువ్వు కాక మిగిలిన దేశాల్లో ఎవరికి ఇంటి యాత్రికులు ఎక్కువున్నారో వాళ్ళ సంఖ్యని దాటితే నువ్వు గెలిచినట్టు. అంటే నీ పోటీ అందరితోనూ కాదు, కల్చర్ అందరికంటే ఎక్కువున్న ఆ ఒక్క దేశంతో. అది పెరిక్లీస్ గ్రీసు అయితే వందో టర్న్‌లోనే జాగ్రత్తపడు.

ఇక్కడే అసలు కిటుకుంది. ఆ యాత్రికులు ఎక్కడి నుంచి వస్తారు? ఓడించాల్సిన దేశాల నుంచే. ఒక దేశంతో నీకు ఓపెన్ బోర్డర్స్ ఉంటే అక్కడ నీ టూరిజం 25 శాతం పెరుగుతుంది. ట్రేడ్ రూట్ ఉంటే ఇంకో 25. చివరి రోజుల్లో ఆన్‌లైన్ కమ్యూనిటీస్ అనే పాలసీ కార్డు పెడితే, ట్రేడ్ రూట్ ఉన్న దేశాల మీద మరో 50. యుద్ధం వచ్చిన మరుక్షణం ఆ దేశంతో ఇవన్నీ పోతాయి. ఇప్పుడు చెప్పు, చిన్‌తో నీ యుద్ధం నీకెంత ఖరీదు పడిందో! నీతి కోసం శాంతిగా ఉండమని నేననడం లేదు. ఈ దారిలో ప్రతి పొరుగువాడూ నీ దగ్గరికి టికెట్టు కొనుక్కుని రావలసినవాడు, వాడితో తగువు పెట్టుకుంటే నీకే నష్టం. అందుకని ఆట మధ్యకి వచ్చేసరికి ఎన్ని దేశాలుంటే అన్నిటికీ కనీసం ఒక్కొక్క ట్రేడ్ రూట్ పంపు, గిట్టుబాటు తక్కువైనా సరే. ఓపెన్ బోర్డర్స్ గడువు తీరినప్పుడల్లా మళ్ళీ అడుగు, ఉచితంగా రాకపోతే కొనుక్కో. ఆ గోల్డ్ వృథా పోదు.

టూరిజం పుట్టేది గొప్ప కృతుల నుంచి. థియేటర్ స్క్వేర్లు తొందరగా కట్టు, వండర్ల పక్కన కడితే ఎక్కువ ఫలం. యాంఫీథియేటర్‌లో రెండు పుస్తకాలు పడతాయి, మ్యూజియంలో మూడు బొమ్మలు. భాసుడు, ఠాగూర్ ఈ ఆటలో గొప్ప రచయితలుగా వస్తారు, చూస్తే నీకు సంబరమేస్తుంది. ప్రింటింగ్ కనిపెడితే పుస్తకాల టూరిజం రెట్టింపవుతుంది కాబట్టి దాన్ని వాయిదా వెయ్యకు. మ్యూజియంలో బొమ్మలు ఎలా పడితే అలా పెట్టకూడదు. మూడూ ఒకే రకానివి, ముగ్గురు వేరువేరు చిత్రకారులవి అయితే అదనపు ఫలం. నీ దగ్గర లేనిది పొరుగువాడి దగ్గరుంటే బేరమాడు. కంప్యూటరు నాయకులు ఒక్కోసారి ఆశ్చర్యపోయేంత చవగ్గా అమ్మేస్తారు. సొంత గొప్పదనం విలువ వాళ్ళకి తెలియదు, మనకి మాత్రం బాగా తెలుసా ఏమిటి!

పురావస్తు మ్యూజియం నాకు మరీ ఇష్టం. నాచురల్ హిస్టరీ సివిక్ వచ్చాక ఆర్కియాలజిస్టుని పంపి తవ్వించవచ్చు. తవ్వకాల చోట్లు ఎక్కడ పుడతాయనుకున్నావు? పూర్వం యుద్ధాలు జరిగినచోట, బార్బేరియన్ల శిబిరాలు కూలినచోట. రెండు వేల ఏళ్ళ కిందట ఎవరెవరో కొట్టుకుని చచ్చిన మైదానానికి నీ మనిషి పార పట్టుకుని వెళ్ళి, విరిగిన కత్తి ముక్కని తెచ్చి అద్దాల పెట్టెలో పెడతాడు, దాన్ని చూడటానికి జనం వస్తారు. మూడు వస్తువులూ ఒకే యుగానివి, వేరువేరు దేశాలవి అయితే ఇక్కడా అదనపు ఫలం. యుద్ధం చెయ్యని దేశం మిగతావాళ్ళ యుద్ధాలతో బతకడం ఈ ఆటలోకెల్లా గడుసు ఆలోచన. తవ్వే చోటు వేరేవాళ్ళ నేలలో ఉంటే లోపలికి వెళ్ళడానికి మళ్ళీ ఆ ఓపెన్ బోర్డర్సే కావాలి.

గాంధీని ఎందుకు మార్చొద్దంటున్నానో చెబుతాను. ఆయన సత్యాగ్రహం అనే శక్తి వల్ల, మతం స్థాపించి, ఎవరితోనూ యుద్ధంలో లేని ప్రతి దేశానికీ లెక్కగట్టి నీకు ఫెయిత్ వస్తుంది. ఆ ఫెయిత్‌తోనే చివర్లో రెండు గొప్ప ఆయుధాలు కొనుక్కోవచ్చు. నాచురలిస్టు ఒకటి. నాలుగు టైళ్ళు వజ్రం ఆకారంలో కలిసి, అన్నీ ఒకే నగరానివై, అందంగా ఉంటే అక్కడ నేషనల్ పార్క్ పెడతాడు. అందం అప్పటికప్పుడు రాదు. పక్కన అడవి ఉంటే అందం పెరుగుతుంది, గని తవ్వితే తగ్గుతుంది. కాబట్టి మొదటి నుంచే కొండల పక్కన కొంత అడవిని కొట్టకుండా అట్టేపెట్టు. ఈఫిల్ టవర్ కడితే నీ దేశంలోని ప్రతి టైలుకీ అందం రెండు పెరుగుతుంది, ఈ దారిలో దాన్ని మాత్రం ఎవరికీ వదలకు. రెండో ఆయుధం రాక్ బ్యాండ్. కోల్డ్ వార్ సివిక్ తర్వాత వస్తుంది. పరాయి దేశంలో వండర్ దగ్గరో థియేటర్ స్క్వేర్‌లోనో పాట కచేరీ పెట్టి ఒక్క దెబ్బకి బోలెడు టూరిజం తెస్తుంది. వాళ్ళని నీ ప్రధాన పోటీదారు దేశానికే పంపు. చరఖా పట్టుకున్న గాంధీగారు గిటార్లవాళ్ళని పొరుగుదేశాలకి తోలడం చూసి మీ తాతయ్య ఏమంటారో నాకు తెలుసు, ఆయన లేనప్పుడు ఆడుకో.

అణుబాంబుల గాంధీ కథ నీ స్నేహితులు చెప్పే ఉంటారు. 1991 ఆటలో గాంధీ దూకుడు అంకె 1 అని, ప్రజాస్వామ్యం వచ్చాక అందులోంచి 2 తీస్తే లెక్క తిరగబడి 255 అయిపోయిందని, అందుకే ఆయన బాంబులు వేశాడని. అలాంటి లోపం ఏదీ లేదని సిడ్ మైయర్ 2020లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో స్పష్టంగా చెప్పాడు. 2010లో వచ్చిన సివిలైజేషన్ 5లో మాత్రం దాని రూపకర్త జాన్ షేఫర్ సరదాకి కావాలనే గాంధీకి అణ్వస్త్రాల మోజు 12గా పెట్టాడు. మామూలుగా ఆ కొలత పదికి మించదు. ఆ హాస్యం కొందరికి నచ్చుతుంది, నాకు అంతగా నచ్చదు. అయినా ఎదుటిపక్షంలో గాంధీ ఉంటే ఆఖరి యుగంలో కాస్త కనిపెట్టి ఉండు.

ఇంత చేసినా ఒక్కోసారి ఎవడో ఒకడు మీద పడతాడు. అప్పుడు బెంబేలెత్తి ఆట ఆపెయ్యకు. గోడల వెనక ఆర్చర్లని పెట్టి వచ్చినవాణ్ణి వచ్చినట్టు కొట్టు, వాడి నేలలోకి మాత్రం తరమకు. కారణం లేకుండా నీ మీద పడ్డందుకు వాడి మీద గ్రీవెన్సులు పోగవుతాయి, మిగతా దేశాలకి వాడే చెడ్డవాడు అవుతాడు. నువ్వు ఉక్రోషంతో వాడి ఊరొకటి లాక్కున్నావో, ఆ సానుభూతి కరిగిపోతుంది. గాంధీతో యుద్ధం చేసేవాళ్ళకి యుద్ధ విసుగు కూడా రెట్టింపు. పది టర్న్‌లు ఓపిక పట్టి సంధి అడుగు, చాలాసార్లు వాడే ఎదురు ఏదో ఇచ్చి ఒప్పుకుంటాడు. పుచ్చుకో. మర్నాడే ట్రేడ్ రూట్ పంపు. కోపం ఉంచుకుంటే వాడి దేశపు యాత్రికులు నీకు రారు.

నీ పాత ఆటని బాగుచెయ్యాలని చూడకు, నాలుగు నగరాలతో అక్కడి నుంచి పెద్దగా అయ్యేదేమీ లేదు. ప్రిన్స్ స్థాయిలో గాంధీతోనే కొత్త మ్యాప్ తెరువు. మొదటి వంద టర్న్‌లలో నీకు మరీ ముద్దొచ్చిన ఒక్క వండర్ తప్ప ఇంకేదీ కట్టొద్దు. వందో టర్న్‌లో ఆపి నగరాలెన్ని, ఆర్చర్లెందరు, ఎవరెవరితో స్నేహం కుదిరింది, కల్చర్‌లో అందరికంటే ముందున్నది ఎవరు అన్నవి ఒక కాగితం మీద రాసి నాకు పంపు. దాన్ని చూశాక మిగతా ఆట గురించి మాట్లాడుకుందాం. పరీక్షలు అయ్యాకే సుమా, లేకపోతే మీ అమ్మ నా మీద యుద్ధం ప్రకటిస్తుంది.

ఇట్లు,
మావయ్య